ర్యాంకు ఒకటే, ఫీజు లెక్కలు రెండు: ఎంబీఏలో చేరే మన పిల్లలు ముందే తెలుసుకోవాల్సింది

ఐసెట్‌లో ర్యాంకు రాగానే సగం పని అయిపోయిందని ఇంట్లో అందరం అనుకుంటాం. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఎంబీఏ దాదాపు ఉచితంగా పూర్తి కావచ్చు. ఇంకొకరి తండ్రి రెండేళ్లు అప్పు చేసి ఫీజు కట్టాల్సి రావచ్చు. వెబ్ ఆప్షన్లలో ముందు ఏ కాలేజీ పెట్టారు, అది యూనివర్సిటీ కాలేజీనా, ప్రైవేటు కాలేజీనా అన్న ఒక్క విషయం దగ్గరే ఈ తేడా వస్తోంది.

తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు డిగ్రీ పూర్తి చేసిన మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ ఒక్క విషయం దగ్గరే ఎక్కువగా దెబ్బ తింటున్నారు.

ఒక్క జీఓతో మారిన లెక్క

ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలైంది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆదాయ పరిమితిలో ఉంటే ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ చదివినా ప్రభుత్వమే ఫీజు భరించేది. మన చుట్టుపక్కల ఎంతోమంది ఇళ్లలో మొదటి ఎంబీఏ ఆ రోజుల్లో వచ్చిందే.

2020 డిసెంబర్ 25న వచ్చిన జీఓ 77తో ఆ లెక్క మారిపోయింది. 2020–21 నుంచి పీజీలో చేరేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీల్లో చదివితేనే అని అందులో తేల్చారు. ప్రైవేటు కాలేజీలో పీజీ చేస్తే, కన్వీనర్ కోటా సీటే అయినా, ట్యూషన్ ఫీజు రాదు. బీటెక్, డిగ్రీ పిల్లలకు ప్రైవేటు కాలేజీల్లోనూ పథకం కొనసాగింది. పీజీ దగ్గరే తలుపు మూసుకుంది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇందులోనూ కొంత న్యాయం కనిపిస్తుంది. ప్రజల డబ్బు ముందు ప్రభుత్వ కాలేజీలకే వెళ్లాలి, పేరుకు నడిచే ప్రైవేటు పీజీ కాలేజీలను ఖజానా ఎందుకు పోషించాలి అన్న మాట తప్పేమీ కాదు. కానీ ఆ మాట అనాలంటే, ఆపేసిన సీట్లకు బదులు యూనివర్సిటీ కాలేజీల్లో సీట్లు, హాస్టళ్లు పెరగాలి. ఆ బదులు చూపించకుండా ఒక దారి మూస్తే, దూరం పోలేని పిల్లలు డిగ్రీతోనే ఆగిపోతారు.

జీఓ 77ను రద్దు చేస్తామని నారా లోకేష్ యువగళం పాదయాత్రలో మాట ఇచ్చారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. నాయకుల ప్రసంగం చూసి సీటు తీసుకోవద్దు. మీ పిల్లలు చేరే సంవత్సరానికి, ఆ కాలేజీకి, ఆ కోర్సుకు పథకం వర్తిస్తుందని రాతలో ఉందో లేదో సచివాలయంలోనో, జ్ఞానభూమి పోర్టల్‌లోనో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

తణుకు నుంచి చూస్తే

కాగితం మీద రెండు దారులు ఉన్నట్టే ఉంటాయి. తణుకు నుంచి చూస్తే అలా ఉండదు. మన దగ్గర ఎంబీఏ అంటే చాలావరకు ప్రైవేటు కాలేజీలే, అందులోనూ ఇంజినీరింగ్ కాలేజీల ఆవరణలో నడిచే ఎంబీఏ విభాగాలే. వాటిలో కొన్ని కాకినాడ జేఎన్‌టీయూ కింద, కొన్ని ఆదికవి నన్నయ యూనివర్సిటీ కింద ఉన్నాయి. అనుబంధం యూనివర్సిటీది కాబట్టి యూనివర్సిటీ కాలేజీయే అనుకుని చాలామంది పొరబడుతున్నారు. అనుబంధ కాలేజీ వేరు, యూనివర్సిటీ సొంత కాలేజీ వేరు. డిగ్రీ పట్టా మీద పేరు ఒకటే ఉంటుంది, ఫీజు లెక్క మాత్రం ఒకటి కాదు.

నన్నయ యూనివర్సిటీ 2006లో రాజమహేంద్రవరంలో మొదలైంది. కాకినాడలో, మన పక్కనే తాడేపల్లిగూడెంలో దానికి క్యాంపస్‌లు ఉన్నాయి. ఎంకాం, ఎంబీఏ లాంటి కోర్సుల్లో ఏ క్యాంపస్‌లో ఏముంది, ఎన్ని సీట్లు ఉన్నాయి అన్నది కౌన్సెలింగ్ ముందే చూసుకోవాలి. యూనివర్సిటీ కాలేజీలోనూ రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు అని రెండు రకాలు ఉండొచ్చు. ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్ దేనికి అని రెండూ విడివిడిగా అడగాలి.

ఇక దూరం సంగతి. తణుకు రైల్వే స్టేషన్ నిడదవోలు–భీమవరం లైన్లో ఉంది, తాడేపల్లిగూడెం మెయిన్ లైన్లో ఉంది. రైల్లో పోవాలంటే నిడదవోలులో మారాలి. అందుకే పిల్లలు బస్సునే నమ్ముకుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇది చిన్న విషయం కాదు. బస్ ఛార్జీ లెక్క చూసి ఆగిపోయిన అమ్మాయికి ఇప్పుడు ఆ అడ్డు లేదు. కానీ స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి రావాలనే ఇళ్లలో, రోజూ రానూపోనూ తిరిగే అమ్మాయి ఈ హాజరు నిలబెట్టుకోవడం తేలిక కాదు. అందుకే దగ్గర్లోని ప్రైవేటు కాలేజీకి డబ్బు కట్టి పంపుదామా, చదువు మానిపిద్దామా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. అమ్మాయిల హాస్టల్ ఉన్న యూనివర్సిటీ కాలేజీ ఈ సమస్యకు సగం జవాబు.

2006లో సచార్ కమిటీ చెప్పిన ఒక లెక్క ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు ముస్లిం అయితే, పీజీకి వచ్చేసరికి 50 మందికి ఒకరే. అంటే డిగ్రీ దాకా వచ్చినవాళ్లు కూడా పీజీ గుమ్మం దగ్గర జారిపోతున్నారు. ఫీజు రూల్ మార్చేటప్పుడు సర్కారు చూడాల్సిన లెక్క ఇది.

రిజర్వేషన్ వేరు, రీయింబర్స్‌మెంట్ వేరు

మన ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. 2007 చట్టం ప్రకారం బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్‌లు అందులో ఉన్నారు. దూదేకులవారు బీసీ–బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు బీసీ–ఇ లేదు. వాళ్లు అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటాలో ప్రయత్నించవచ్చు.

ఇదంతా సీటు కోసం. ఫీజు పథకం దారి వేరు. విద్యా దీవెన నిబంధనల్లో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు, మైనారిటీలు కూడా అందులో ఉన్నారు. కాబట్టి ‘మేం సయ్యద్‌లం, మాకు రిజర్వేషన్ లేదు, ఇక ఫీజు కూడా రాదు’ అనుకుని దరఖాస్తే పెట్టకపోవడం పొరపాటు. ఇంకోపక్క, ఇంట్లో కారు ఉన్నా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా ఆ నిబంధనల ప్రకారం పేరు తీసేస్తారు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది. బతుకుతెరువు కోసం టాక్సీ నడిపే ఇంటికి పథకం రాలేదంటే రికార్డులో ఏదో తప్పు ఉన్నట్టే. వెంటనే సరిచేయించుకోవాలి.

మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకు మాత్రం ఏ కాలేజీలోనైనా ఆశ పెట్టుకోకండి. ‘ముందు చేరండి, తర్వాత చూద్దాం’ అని కౌంటర్లో ఎవరు చెప్పినా నమ్మొద్దు.

సర్టిఫికెట్లు ఎవరి సొత్తు?

ఎంబీఏలో చేరేటప్పుడు డిగ్రీ కాలేజీ నుంచి ఒరిజినల్స్ రావు. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయి ఉంది, మీరు కట్టి తీసుకెళ్లండి అంటారు. తల్లిదండ్రులు బతిమాలుకుంటారు, లేదా వడ్డీకి తెస్తారు. ఈలోపు కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది.

యూజీసీ 2018 అక్టోబర్ నోటిఫికేషన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కాలేజీ ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకోకూడదు. చేరాక సీటు వద్దనుకుంటే ఫీజు వెనక్కి ఇవ్వడానికీ అందులో మెట్లు ఉన్నాయి. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే మొత్తం ఫీజు ఇవ్వాలి. అందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం, గరిష్ఠంగా 5 వేలు మాత్రమే పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపు మానుకుంటే 90 శాతం, తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, నెలలోపు 50 శాతం ఇవ్వాలి. ఆ తర్వాత ఏమీ రాదు. అంటే ఒక్కో రోజు ఆలస్యానికీ ఒక్కో ధర ఉంది. మానుకోవాలనుకుంటే నోటితో చెప్పి ఊరుకోకండి. రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

పక్క రాష్ట్రం చూసి

తెలంగాణలో అయితే ప్రైవేటు ఎంబీఏకు కూడా ఇస్తున్నారు కదా అని చాలామంది అంటారు. ఇస్తున్న మాట నిజమే. కానీ బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో అక్కడి ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి నిరసనకు దిగాయి. కాబట్టి జీఓ మారితే చాలదు. డబ్బు సమయానికి రాకపోతే ఆ భారం మళ్లీ పిల్లల సర్టిఫికెట్ల మీదే పడుతుంది.

అందుకే అడగాల్సింది రెండూ కలిపి అడగాలి. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీట్లకు రీయింబర్స్‌మెంట్ ఇవ్వాలి, దాన్ని ఏడాది తిరక్కుండా చెల్లించాలి. అది కుదరదంటే తాడేపల్లిగూడెం క్యాంపస్‌లో బిజినెస్ కోర్సుల సీట్లు, అమ్మాయిల హాస్టల్ వసతి పెంచాలి. ఈ రెండిట్లో ఒకటైనా మన ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు చట్టసభలో ఎత్తాలి.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. ప్రతి ఊళ్లో మస్జిద్ కమిటీ ఉంది, కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లూ ఉన్నారు. ఐసెట్, పీజీసెట్ కౌన్సెలింగ్ జరిగే ఆ రెండు మూడు వారాలు, జుమా తర్వాత ఒక టేబుల్ వేసి కూర్చుంటే చాలు. ఆదాయ సర్టిఫికెట్ ఉందా, కుల ధ్రువీకరణలో పేరు టెన్త్ మెమోతో కలుస్తోందా, పెట్టే కాలేజీ ప్రైవేటుదా యూనివర్సిటీదా, ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ ఆ కాలేజీకి ఖరారు చేసిన ఫీజు ఎంత అని నాలుగు ప్రశ్నలు అడిగితే ఒక ఇంటి రెండేళ్ల అప్పు తప్పుతుంది. ర్యాంకు తెచ్చుకునే కష్టం పిల్లలు పడ్డారు. ఆప్షన్లు పెట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడిగే బాధ్యత పెద్దవాళ్లది.