కోట చూశారు సరే, నాటకం చూశారా?

మొన్నామధ్య మనవాళ్ళు నలుగురు క్రొయేషియా ప్రయాణానికి తయారుచేసుకున్న ఎక్సెల్ షీట్ చూశాను. నాలుగు రోజులు, ఐదు ఊళ్ళు. దుబ్రోవ్నిక్‌లో లోవ్రియెనాత్స్ కోటకి కేటాయించిన సమయం 11:20 నుంచి 12:05. రిమార్క్స్ కాలమ్‌లో "గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఫోటో". నాలుగింటికల్లా బస్సు.

"జూలైలోనే కదా వెళ్తున్నారు, వేసవి ఉత్సవం నడుస్తుంటుంది. కోటలో నాటకం ఉందేమో చూసుకుని ఆ రాత్రికి ఉండిపోండి" అన్నాను. "అంత దూరం వెళ్ళి నాటకమా?" అని నన్ను ఎగాదిగా చూశారు.

2023లో క్రొయేషియా షెంగెన్‌లో చేరాక జర్మనీలో, నెదర్లాండ్స్‌లో పనిచేసే మనవాళ్ళకి సరిహద్దు తనిఖీల గొడవ తప్పింది. అందరూ వెళ్తున్నారు, సంతోషం. నా గొడవల్లా ఒక్కటే. ఆ కోటని పగలు ముప్పావుగంట చూసి రావడం అంటే, పెళ్ళికెళ్ళి పందిరి చూసి వెనక్కి రావడమే.

అసలా కోట సంగతేంటి? సముద్రం మీద 37 మీటర్ల ఎత్తు రాతిగుట్ట. శత్రువు వచ్చే వైపు గోడ మందం 12 మీటర్ల దాకా, నగరం వైపు గోడ మాత్రం 60 సెంటీమీటర్లే! లోపలి సేనాని ఎదురు తిరిగితే ఊరివాళ్ళు ఆ గోడ కూల్చేయొచ్చన్నమాట. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతికిచ్చినా రూట్ యాక్సెస్ మాత్రం ఊరి దగ్గరే ఉంచుకున్నారు :-) ద్వారం మీద లాటిన్‌లో ఒక మాట చెక్కి ఉంటుంది. ఎంత బంగారమిచ్చినా స్వేచ్ఛని అమ్ముకోకూడదని దాని అర్థం.

దుబ్రోవ్నిక్ వేసవి ఉత్సవం 1950లో మొదలైంది. ఏటా జూలై 10 నుంచి ఆగస్టు 25 దాకా జరుగుతుంది. 1952లో మార్కో ఫోతెజ్ దర్శకత్వంలో ఈ కోటలోనే హామ్లెట్ ఆడారు. అప్పట్నుంచీ హామ్లెట్ అంటే లోవ్రియెనాత్స్ అనేంత పేరొచ్చింది. 1991 డిసెంబర్ 6న ఆ ఊరి మీద ఫిరంగి గుళ్ళు కురిశాయి. దేశంలో యుద్ధం 1995 దాకా ముగియలేదు. మధ్యలో, 1994లో, అదే కోటలో గోరన్ విష్‌ఞిచ్ హామ్లెట్‌గా నిలబడ్డాడు. ఆ జనానికి నాటకం టైంపాస్ అంటారా? మా ఊరు ఇంకా మాదే అని చెప్పుకోవడం కాదా అది?

మనకేమో ఆ కోట ఒక సీరియల్ సెట్టింగు.

"భాష రాదు కదా" అంటారు. ఇంగ్లీషులో షేక్‌స్పియర్ ఆడిన సందర్భాలూ అక్కడున్నాయి. అయినా మన తాతలకి పాండవోద్యోగం పద్యాల్లో ప్రతి సమాసం అర్థమయ్యే వన్స్‌మోర్ కొట్టారా? పడక సీను కథ తెలుసు, గొంతు బాగుంది, తెల్లారేదాకా కూర్చున్నారు. హామ్లెట్ కథ తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు.

"టికెట్ ఖర్చు" అంటారు. నిజమే, కాస్త ఎక్కువే. ఐదు ఊళ్ళలో రెండు తగ్గించుకోండి, సరిపోతుంది. "చారిత్రక కట్టడంలో ఈ హడావిడి ఏంటి, పాడవదా?" అని ఇంకొకరు. డీజే పెట్టి గోడలదిరేలా గోల చేస్తే నేనూ ఒప్పుకోను. కానీ నాటకానికి కోట గోడలే సెట్టింగు. టికెట్లున్నంత మందే వస్తారు, కదలకుండా కూర్చుంటారు, అయిపోగానే దిగి వెళ్ళిపోతారు. పగలంతా తోసుకుంటూ ఎక్కే గుంపుతో పోలిస్తే ఇదెంత?

అసలు ఆ ఊరికి బెంగ రాత్రి కూర్చునేవాళ్ళ గురించి కాదు, మనలా పగలొచ్చి పగలే పోయేవాళ్ళ గురించి. 2019 నుంచి ఒకేసారి రెండు క్రూయిజ్ ఓడలు, 4000 మంది ప్రయాణికులు అని నగరం హద్దు పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రాకారం లోపల కాపురాలుండే వాళ్ళు తగ్గిపోతూ వచ్చారు, ఇళ్ళు అద్దె గదులైపోయాయి. బంగారానికి అమ్మకూడదని గుమ్మం మీద రాసుకున్న ఊరిని మనం ఫోటోకింతని కొనేస్తున్నాం.

నేను వెళ్ళిన రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. తొమ్మిదిన్నరకి మొదలైంది. పగటి ఎండకి కాగిన రాయి ఇంకా వెచ్చగానే ఉంది. కింద సముద్రం హోరు, పైన కప్పులేని ఆకాశం. నటుడు ఒక్క క్షణం మాట ఆపితే అలల చప్పుడొక్కటే వినిపించేది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ ఊరావిడే. కొన్ని డైలాగులు నటుడికంటే ముందే ఆవిడ పెదాల మీద కదులుతున్నాయి. ఎన్నేళ్ళుగా వస్తోందో మరి! చూసింది ఒక్క కోటే గానీ, ఆ ఊరివాళ్ళ పక్కన కూర్చుని చూశాను.

ఆ రాత్రి నేను తీసిన ఫోటో ఒక్కటీ లేదు. ఆ ఎక్సెల్ షీట్ నలుగురూ మాత్రం మూడొందల ఫోటోలు పట్టుకొచ్చారు. అన్నిట్లోనూ వాళ్ళే ఉన్నారు. కోట వెనకాల ఎక్కడో ఉంది.