బలగాలకన్నా ముందే వచ్చిన గడువు: నమీబియా పాఠం

నిధుల కొరత కారణంగా శాంతి పరిరక్షక బలగాలను సుమారు నాలుగో వంతు తగ్గించాలని ఐక్యరాజ్య సమితి 2025 అక్టోబరులో నిర్ణయించింది. భారత జవాన్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న దక్షిణ సూడాన్‌పై కూడా ఈ కోత ప్రభావం ఉంటుంది. పొదుపు మూల్యమేమిటో 1989లో నమీబియా చవిచూసింది.

దక్షిణాఫ్రికా ఏలుబడిలోని ఆ దేశ స్వాతంత్ర్యానికి భద్రతామండలి 1978లోనే 435వ తీర్మానంతో బాట వేసింది. ఆచరణకు దశాబ్దం పట్టింది. మిషన్‌కు ఫిన్లాండ్ దౌత్యవేత్త మార్టీ అహ్తిసారి, దాని సైనిక విభాగానికి భారత లెఫ్టినెంట్ జనరల్ దివాన్ ప్రేమ్‌చంద్ సారథ్యం వహించారు. వ్యయభారం పేరుతో 7,500 మంది సైనికుల ప్రణాళికను 4,650కి కుదించారు. ఆ వివాదంతో బడ్జెట్ ఆమోదం మార్చి 1 వరకు ఆగింది. కాల్పుల విరమణ గడువు మాత్రం ఏప్రిల్ 1.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని మన శ్రోతలకు లైన్ క్లియర్ లేకుండా బండి కదిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఉత్తర సరిహద్దుకు తగినంత బలగం చేరకముందే గడువు వచ్చింది. అంగోలా నుంచి ప్రవేశించిన స్వాపో యోధులకు, దక్షిణాఫ్రికా దళాలకు మధ్య ఘర్షణ చెలరేగి వందల మంది మరణించారు.

అయినా ప్రక్రియ ఆగలేదు. సమితి పోలీసు పరిశీలకుల సంఖ్యను క్రమంగా 1,500కు పెంచారు. వేల మంది శరణార్థులు స్వదేశానికి తిరిగివచ్చారు. నవంబరు ఎన్నికల్లో సుమారు 97 శాతం ఓటర్లు పాల్గొనగా, 72 స్థానాల్లో స్వాపోకు 41 దక్కాయి. 1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైంది. పట్టు విడవని పర్యవేక్షణతో పాటు ఇరుపక్షాలూ, వాటి వెనుకనున్న దేశాలూ ఒప్పందానికి తిరిగి కట్టుబడటమే ఇందుకు కారణం.

2011 జులై 9న అవతరించిన దక్షిణ సూడాన్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. ఆ నెలలోనే అకోబోలో పౌరులు తలదాచుకున్న స్థావరంపై దాడి జరిగి ఇద్దరు భారత జవాన్లు అమరులయ్యారు. పలుమార్లు వాయిదాపడిన ఎన్నికలను 2026 డిసెంబరుకు నిర్ణయించారు.

స్వాతంత్ర్య పతాకం ఎగరడం ఒక్క రోజు పని. దాని నీడలో ప్రజలు నిశ్చింతగా నిద్రించడానికి ఏళ్లు పడుతుంది. బలగాల తగ్గింపునకు క్షేత్ర పరిస్థితే కొలమానం కావాలి తప్ప ఖజానా లెక్క కాదు. బకాయిపడిన సభ్యదేశాలు తమ వాటా చెల్లించకపోతే, ఆ లోటును అక్కడి పౌరులూ, వారికి కాపలా నిలిచిన జవాన్లూ ప్రాణాలతో తీర్చవలసి వస్తుంది.