పాట ఊరందరిదీ, గొంతు ఎవరిది?

కొన్ని నెలలుగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో సమావేశాలకు తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్ళినా మీటింగు పాటతోనే మొదలవుతుంది. నాటు పాట, బతుకమ్మ పాట, తండాల్లో అయితే తీజ్ పాట. మహబూబాబాద్ దగ్గర మిరప తోటలో ఒక అక్క పాడితే అందరం పని మరచి విన్నాం. ఆ పాట ఎప్పుడో రికార్డయిందని పక్కనున్న పిల్లలు ఫోనులో చూపించారు. లక్షలమంది చూశారు. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఏమిచ్చారని అడిగాను. "చీర పెట్టిన్రు, ఆటో కిరాయి ఇచ్చిన్రు" అంది. ఆ గొంతులో ఫిర్యాదు కూడా లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇది ఆమె ఒక్కతె కథ కాదు. ఈ మూడు జిల్లాల్లో చాలా భాగం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఆ ఉమ్మడి జిల్లా జానపద గాయని కోమలి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో 'లవ్ స్టోరీ' సినిమా కోసం 'సారంగ దరియా' పాట విడుదలై మారుమోగింది. రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ. ఆ పాటను వెలుగులోకి తెచ్చింది తానని, 'రేలారె రేలా' టీవీ కార్యక్రమంలో ఏనాడో పాడానని కోమలి ముందుకొచ్చింది. పల్లవి జానపదమేనని, చరణాలు తాను రాశానని రచయిత వివరించారు. చివరికి పాట సేకరించినందుకు ఆమె పేరు వేస్తామని, డబ్బు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. నోరు విప్పి అడిగింది కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. అడగడానికి దారి తెలియనివాళ్ళ మాటేమిటి?

"జానపదం ఎవరి సొత్తూ కాదు కదా" అంటారు. నిజమే. తరతరాలుగా ఊరు కట్టుకున్న పాటకు ఒక్కరు యజమాని కాలేరు. అయితే పాట వేరు, పాడిన గొంతు వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం పాడేవాళ్ళకు విడిగా హక్కు ఇస్తోంది. పామును ఆడించేవాణ్ణి కూడా ఆ చట్టం కళాకారుడిగానే లెక్కవేసింది. 2012 సవరణతో ఆ హక్కు ఇంకా బలపడింది. రికార్డుతో వ్యాపారం జరిగితే వాటా అడగవచ్చు. పాడింది తానేనని పేరు వేయమనవచ్చు. తన గొంతును వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. ఈ హక్కు యాభై ఏళ్ళు ఉంటుంది. మిరప తోటలో ఆ అక్కకు ఈ సంగతి చెప్పినవాళ్ళెవరు?

ఈ అన్యాయానికి ఎల్లలు లేవు. అమెరికాలో నల్లజాతి గాయని రూత్ బ్రౌన్ పాటలు 1950లలో అట్లాంటిక్ రికార్డుల కంపెనీని నిలబెట్టాయి. 1960లలో ఆమె ఇళ్ళలో పనిచేసి, బస్సు నడిపి పిల్లల్ని పెంచుకుంది. ఏళ్ళ తరబడి పోరాడాక 1980ల చివర్లో బకాయి రాబట్టుకుంది. తన ఒక్కదానికే కాదు, తనలాంటి గాయకులెందరికో దారి వేసింది.

ఇతరులను అనేముందు మన సంగతి చూసుకుందాం. మనమేం తక్కువ తినలేదు. సభల్లో, శిబిరాల్లో ఎందరో స్త్రీల చేత పాడించుకున్నాం. క్యాసెట్లు వేశాం, పాటల పుస్తకాలు అచ్చేశాం. పేరు రాయాల్సిన చోట 'జానపదం' అని రాసి ఊరుకున్నాం. కూలి రేట్ల గురించి గంటలు మాట్లాడిన మనకు పాట కూడా శ్రమేనని తోచలేదు. అలా అచ్చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇకనుంచి ఎవరి పాట రికార్డు చేసినా ముందు ఒక కాగితం రాద్దాం. ఆమె పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎక్కడ వాడతాం, ఎంత ఇస్తాం, డబ్బు వస్తే ఆమె వాటా ఎంత. ఆ కాగితం ఆమె భాషలోనే, లంబాడీ అయినా కోయ అయినా, చదివి వినిపించాలి. ఒక ప్రతి ఆమె దగ్గరే ఉండాలి. వద్దంటే రికార్డు ఆపాలి.

మీ జిల్లాల్లో పేరు లేకుండా పోయిన గొంతుల గురించి మాకు రాయండి. వాళ్ళు ఒప్పుకుంటే, వచ్చే సంచికలో పేర్లతో సహా వేద్దాం.