నొప్పికి భాష ఉన్నది

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు సీమలో ఏ ఊరి పొలిమేరకు పోయినను కల్లములు ఎండుమిరపకాయలతో ఎర్రబారి కనిపించును. ఆ కల్లముల అంచున కూర్చుండి తాలుకాయలు ఏరుచున్న చేతులలో ముసలి చేతులు తక్కువేమియు కావు. వయసున్నవారు కోతలకు పోవుదురు. చదువుకొన్నవారు హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రముల ఆవలికో పోయినారు. ఇంటిని, గొడ్డును, కల్లమును కనిపెట్టుకొని ఉన్నవారు అవ్వలు, తాతలే.

ఇటీవల అట్టి కల్లము ఒకదానివద్ద మేమొక సంభాషణ వినుట తటస్థించినది. ఆరోగ్య కార్యకర్త ఒకామె చేతిలోని ఫోనులో ప్రశ్నలు చూచుకొనుచు ఒక వృద్ధురాలిని అడిగినది: “మామ్మా, నొప్పులేమన్నా ఉన్నాయా?” ఆమె తలయెత్తకుండనే బదులు చెప్పినది: “నొప్పి కాదమ్మాయ్. పిక్కలు గుంజుతున్నాయి. నాలుగడుగులేస్తే గుంజిద్ది, నిలబడితే తగ్గిద్ది. రాత్రిళ్లు అరికాళ్లు మంట.” కార్యకర్త ఒక క్షణము ఆలోచించి, “ఒళ్లునొప్పులు” అన్నచోట గుర్తుపెట్టి ముందునకు సాగినది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకు ఇచ్చిన పట్టికలో గుంజుటకు చోటు లేదు.

అయినను ఆ ముసలమ్మ చెప్పిన నాలుగు ముక్కలలో సగము రోగనిర్ణయము ఉన్నది. నడచినపుడు పిక్కలు గుంజి, నిలిచినంతనే తగ్గినచో కాలికి నెత్తురు తీసికొనిపోవు నాళములు ఇరుకైనవేమో చూడవలెను. రాత్రివేళ అరికాళ్ల మంట ఉన్నచో మధుమేహమువలన నరములు దెబ్బతినినవేమో చూడవలెను. కీళ్లవాపునకు ఇచ్చు మాత్ర ఈ రెంటికిని మందు కాదు. “ఒళ్లునొప్పులు” అను మాటక్రింద ఈ మూడును ఒకటైపోయినవి.

వృద్ధుల ఆరోగ్యమును గూర్చి నేడు పరిశోధనలు విరివిగా జరుగుచున్నవి, జరుగవలసినదే. 2021 నాటి జనాభా అంచనాల ప్రకారము ఆంధ్రప్రదేశ్ ప్రజలలో నూటికి పన్నెండుమందికి పైగా అరువదియేండ్లు దాటినవారు. దేశములోని రాష్ట్రములలో ఈ లెక్కను బట్టి మనకంటె ముందున్నవి కేరళ, తమిళనాడు, హిమాచలప్రదేశ్, పంజాబు మాత్రమే. ఇంతమంది బాధను కొలువవలెనన్నచో ముందుగా కొలపాత్ర సరిగా ఉండవలెను. ఆ కొలపాత్ర భాషయే అని మా మనవి.

ఈ సీమలో ఈ సత్యమును తొలుత గ్రహించినవారు పరదేశ స్త్రీలగుట విశేషము. 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కూగ్లర్ 1898 నాటికి ఇచట స్త్రీలకు, శిశువులకు వైద్యశాల నెలకొల్పినది. 1920లో ఆస్ట్రేలియానుండి వచ్చిన డాక్టరు మేరీ గ్లౌరీ ఈ పట్టణముననే దశాబ్దముల తరబడి వైద్యము చేసి, 1943లో కాథలిక్ వైద్యశాలల సంఘమును స్థాపించినది. పురుష వైద్యునికి చేయి చూపని ఇల్లాండ్ర బాధ వీరు తెలిసికొనవలెనన్నచో వారి వాకిటికి పోవలెను, వారి మాట వినవలెను. వేరు దారి లేదు. నేటి పరిశోధకునికి ఆ నిర్బంధము లేదు. అచ్చువేసిన ప్రశ్నావళి అతనికి ఆ శ్రమ తప్పించినది.

శ్రమపడి చూచినచో ఏమి దొరకునో తెలుపు ఉదాహరణము ఈ మెట్టప్రాంతములోనే ఉన్నది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. తరువాత ప్రకాశము జిల్లాలో చేరినవి. అచట నడివయసుననే నడుము వంగి, మెడ తిరుగక, కీళ్లు బిగిసికొనిపోవు మనుష్యులు ఊరూర ఉండిరి. అది వయసు అనియు, కర్మ అనియు సరిపెట్టుకొనువారికి కొదువ లేదు. మద్రాసులోని గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్ట్, ఆయన సహచరులు పరిశీలించి, ఈ వ్యాధికి మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడని 1937లో ప్రకటించిరి. మనదేశమున ఎముకలను పట్టు ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిన తొలి పరిశోధనగా దానికి పేరు. వార్ధక్యమనుకొన్నది వార్ధక్యము కాదు, అది బావినీరు. “వయసు మీదపడినది, అంతే” అను మాట రోగనిర్ణయము కాదనుటకు ఇంతకుమించిన సాక్ష్యమేల?

గోదావరి జిల్లాలలో జరిగిన రెండు పరిశోధనలు మరి రెండు పాఠములు నేర్పుచున్నవి. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక సంవత్సరమున సంభవించిన 1,354 మరణములకు కారణములు విచారించి 2006లో ఒక వ్యాసము ప్రకటించిరి. మరణ ధ్రువపత్రములు లేని చోట వారేమి చేసిరి? గ్రామ ఆరోగ్య కార్యకర్తలను పంపి, పోయినవారి బంధువులను కూర్చుండబెట్టి, తుదిదినములు ఎట్లు గడచినవో అడిగించిరి. ఆ మాటలనుబట్టి వైద్యులు కారణము నిర్ణయించిరి. గుండె, రక్తనాళముల వ్యాధులు నూటికి 32 మరణములకు కారణమని తేలినది. పల్లెటూళ్లలో అంటురోగములే చంపునను నమ్మకము దానితో సడలినది. ఇది మొదటి పాఠము: అడుగుట తెలిసినచో చదువురాని ఇల్లును శాస్త్రమునకు సాక్ష్యమీయగలదు.

రెండవ పాఠము చేదు. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు చేతి యంత్రములిచ్చి, గుండెజబ్బు వచ్చు ప్రమాదమున్న వారిని గుర్తించి వైద్యునివద్దకు పంపు ఏర్పాటు చేసిరి. ఫలితములు 2019లో వెలువడినవి. ఆ ఏర్పాటున్న ఊళ్లలోను, లేని ఊళ్లలోను రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. పరిశోధకులు దానిని దాచక చెప్పినందులకు అభినందనీయులు. గుర్తించుట వేరు, మందు నోటికి చేరుట వేరు. వినుట మొదటి మెట్టు మాత్రమే, మేడ కాదు.

అయినను ఆ మొదటి మెట్టే మన వద్ద కట్టబడలేదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మెల్జాక్ అను శాస్త్రజ్ఞుడు 1975లో, రోగులు నొప్పిని వర్ణించు 78 ఇంగ్లీషు మాటలను 20 వర్గములుగా కూర్చి ఒక ప్రశ్నావళి రచించినాడు. నొప్పి ఎంత అని మాత్రమే కాక, ఎట్టిది అని అడుగుట దాని ప్రయోజనము. మన పల్లెవాసి నోట ఈ సంపద తక్కువా? పన్ను సలుపును, తల పోటెత్తును, పిక్క గుంజును, నడుము పట్టును, ప్రక్క కలుక్కుమనును, నరము జివ్వుమనును, కీళ్లు పీకును, జ్వరమున ఒళ్లు తీపులు పుట్టును, కాలు తిమ్మిరెక్కును. ఇవి పర్యాయపదములు కావు. సలుపును పోటనిన పల్లెటూరి అవ్వ నవ్వును. ఈ మాటలన్నిటిని త్రోసివేసి “స్వల్పము, మధ్యస్థము, తీవ్రము” అని మూడు గడులు గీసి, తెలుగులో అడుగుచున్నామని మనము తృప్తిపడుచున్నాము.

జ్ఞాపకశక్తి పరీక్షలయందును ఇదే చిక్కు. నేడు తేదీ ఎంత అని అడిగిన తెల్లబోవు రైతు, మృగశిర వెళ్లి ఆరుద్ర ప్రవేశించి ఎన్నాళ్లయినదో తడుముకొనక చెప్పును. అతనికి మతి తప్పినదనవలెనా, పరీక్షకు గతి తప్పినదనవలెనా? భాషను లెక్కలోనికి తీసికొన్న పరిశోధన ఎంతదూరము పోగలదో హైదరాబాదులోని నిమ్స్ వైద్యశాల చూపినది. సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిభ్రంశ రోగుల వివరములు పరిశీలించి, ఒకే భాష మాట్లాడువారికంటె రెండు భాషలు మాట్లాడువారిలో ఆ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా బయటపడినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారియందును ఈ భేదము కనబడినది. తెలుగు, ఉర్దూ కలిసి పలుకు వీధులున్న నగరముననే ఇట్టి ప్రశ్న పుట్టగలదు.

నయముకాని వ్యాధితో మంచమెక్కినవారి విషయము మరింత దారుణము. తీవ్రమైన కేన్సరు నొప్పిని అణచు మార్ఫిన్ కొత్త మందు కాదు, ఖరీదైన మందు కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానిని వైద్యశాలలకు దుర్లభము చేసినది. 2014లో చట్టమును సవరించి దారి సుగమము చేసిరి. కేరళ 2008లోనే ఉపశమన వైద్యమునకు ఒక విధానము ప్రకటించి, పంచాయతీలను అందు భాగస్వాములను చేసినది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సరు వైద్యశాలలో ఈ వైద్యమునకు ప్రత్యేక విభాగమున్నది. గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో నాట్కో వారి సహాయముతో 2020లో కేన్సరు కేంద్రము వెలసినది. కాని వైద్యము ముగిసి, “ఇక ఇంటికి తీసికొనిపొండు” అన్న నాటినుండి ఆ రోగి ఎవరివాడు? ఆ ప్రశ్నకు ఊరిలోని ఆరోగ్య కేంద్రమే బదులు చెప్పవలెను. రాత్రి రెండుగంటలకు “ఎముక సలుపుతా ఉందిరా” అను మూలుగు, నగరములోని నిపుణునికి వినబడదు.

ఊరివాకిటికి వైద్యుని పంపు సంకల్పము ఈ నేలకు కొత్తది కాదు. గ్రామమునకు నెలకు రెండుమార్లు వైద్యుడు వచ్చి, మంచమునపడిన వారిని ఇంటివద్దనే చూడవలెనను “ఫ్యామిలీ డాక్టర్” పథకము 2023 ఏప్రిల్ 6వ తేదీన చిలకలూరిపేట చెంతనున్న లింగంగుంట్లలోనే ప్రారంభమైనది. ప్రభుత్వములు మారును, పథకముల పేర్లు మారును. మంచమునపడిన వారు మాత్రము ఆ మంచముననే ఉందురు.

ఒక్క వైద్యునికై వందమంది కాచుకొని ఉన్నచోట మాటల సొంపు వినుటకు తీరిక ఎక్కడిదని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. అందుచేతనే ఈ పని వైద్యునిది మాత్రమే కారాదనుచున్నాము. వైద్య కళాశాలలు, తెలుగు శాఖలు కలిసి ఒక పని పూనవలెను. పలనాటినుండి కనిగిరివరకు ఊరూర తిరిగి, వృద్ధులు తమ బాధను చెప్పుకొను మాటలు సేకరింపవలెను. ఏ మాట ఏ వ్యాధియందు వినబడుచున్నదో వైద్యులు పరీక్షించి తేల్చవలెను. ఆ మాటలతోనే ఆశా కార్యకర్త ఫోనులోని పట్టికను తిరిగి వ్రాయవలెను. దీనికి కోట్లు అక్కరలేదు. నిఘంటువులకై మాటలు ఏరుటకు పల్లెలు తిరిగిన భాషాసేవకులు మనకు కొత్త కాదు. ఈ మారు ఏరిన మాట ఒక ప్రాణికి నిద్ర పట్టించును.

మూడు దశాబ్దములుగా తరగతి గదిలో శబ్దార్థముల సంబంధమును బోధించుచున్నవారము. కల్లమువద్ద ఆ మామ్మ “నొప్పి కాదమ్మాయ్” అన్న మాట మా పాఠములన్నింటికంటె పెద్దదిగా తోచినది. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఒక పదమును సవరించినది. ఆ సవరణను వ్రాసికొను గడి మన పట్టికలలో ఏర్పడిననాడు, వృద్ధుల వైద్యమున పరిశోధన మన ఊరిలో మొదలైనదని చెప్పుకొనవచ్చును.