శాస్త్రవిద్యార్థికి దారి చూపువారెవరు?

పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన పట్టణములందలి పఠనమందిరములలో కూర్చుండినవారికి ఒక ప్రశ్న తప్పక వినవచ్చును. “మావాడు బి.ఎస్సీ. ప్యాసయినాడు. ఇక వాడేమి చేయవలెను?” అడుగువాడు తండ్రి. ఆయన ఒకప్పుడు రైతు, ఒకప్పుడు చిన్న దుకాణదారు, ఒకప్పుడు బడిపంతులు. మూడేండ్లు హాస్టలు ఖర్చులకు డబ్బు పంపి అలసినవాడు. విన్నవారు తమకు తోచిన సలహా చెప్పుదురు. ఒకరు బి.ఎడ్. అందురు, ఒకరు బ్యాంకు పరీక్ష అందురు, ఒకరు హైదరాబాదు పోయి కంప్యూటరు నేర్చుకొమ్మందురు, మందుల కంపెనీలో తమ బంధువు డొకడున్నాడని మరియొకరందురు. ఈ సలహాలలో ఏదియు చెడ్డది కాదు. కాని ఆ బాలుడు మూడేండ్లు చదివిన భౌతికశాస్త్రమును గాని, రసాయనశాస్త్రమును గాని, జీవశాస్త్రమును గాని తలపెట్టి మాటాడువాడు ఒక్కడును కానరాడు. ఆ చదువు దాటిపోవలసిన మెట్టేగాని నిలువదగిన నేల కాదని సభవారందరు ముందే తీర్మానించుకొన్నట్లుండును.

ఈ తీర్మానము తప్పని మా దృఢమైన అభిప్రాయము. అవకాశములు లేకపోవుట కంటె, ఉన్న అవకాశములు సకాలమున విద్యార్థి చెవిని పడకపోవుటయే మనదేశమున ఎక్కువ నష్టమును కలిగించుచున్నది.

చట్టము నెరుగననుట సాకు కాదని న్యాయస్థానములలో ఒక సూత్రము గలదు. వినుటకు కఠినముగానే యుండును. కాని ఆ సూత్రము వెనుక ఒక ధర్మమున్నది. ప్రభుత్వము తన చట్టమును గెజిట్టులో ప్రకటించును. ప్రకటించిన పిదపనే ప్రజలు దాని నెరుగుదురని భావించు హక్కు ప్రభుత్వమునకు కలుగును. అవకాశముల విషయమున మాత్రము ఈ ధర్మము వర్తింపవలదా? గడువు దాటిన తరువాత “నీవేల దరఖాస్తు పెట్టలేదు?” అని విద్యార్థిని నిలదీయుటకు ముందు, “వానికి తెలిపినవారెవరు?” అని మనలను మనమే ప్రశ్నించుకొనవలయును.

ఆ అవకాశములలో ముఖ్యమైనవానిని కొన్నిటిని ఇచ్చట చెప్పుదుము. ఐ.ఐ.టి. యనగా ఇంజనీర్లకే యని జనసామాన్యము తలచుచున్నది. కాని బి.ఎస్సీ. ముగించువాడు అచ్చట ఎం.ఎస్సీ. చదువుటకు ‘జామ్’ అను ప్రవేశపరీక్ష ఏటేట జరుగుచున్నది. భౌతిక, రసాయన, గణిత, భూగర్భ శాస్త్రములలోను, గణాంకశాస్త్రమునను, జీవసాంకేతికశాస్త్రమునను అది నడచును. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు డిగ్రీ పిదప చేరి ఎడతెగక పిహెచ్.డి. వరకు పోవు మార్గమును గలదు.

బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలయందలి మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి, వేసవిలో రెండు నెలలపాటు విద్యార్థులను పేరుగాంచిన శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకు పంపి, భత్యమిచ్చి పని నేర్పించు ఏర్పాటు చేసియున్నవి. కేంద్రప్రభుత్వము 2008లో ‘ఇన్‌స్పైర్’ అను పథకమును ప్రారంభించి, ఇంటర్మీడియటు పరీక్షలో నూటికొక్కరుగా అగ్రశ్రేణిని నిలిచినవారు మూలశాస్త్రములు చదివినచో ఏటికి 80,000 రూపాయలు ఏర్పరచెను. అందులో 20,000 వేసవి పరిశోధన నిమిత్తమే కేటాయించిరి. ఎం.ఎస్సీ. పిదప నెట్ పరీక్షలో గెలిచి పరిశోధనకు చేరిన జూనియరు ఫెలోకు 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయమైనది. ఈ మొత్తము 2019కి పూర్వము 25,000 మాత్రమే. ఆ యేటి ఆరంభమున అది 31,000 అయినది. పరిశోధక విద్యార్థులు వీథులకెక్కి అడిగినమీదట అయినది. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా!

ప్రభుత్వసేవ కోరువారికిని శాస్త్రమే పెట్టుబడి కాగలదు. బొంబాయి భాభా అణుపరిశోధనా కేంద్రముయొక్క శిక్షణాలయము 1957లో వెలసినది. అది ఇంజనీర్లతోపాటు ఎం.ఎస్సీ. పట్టభద్రులనుగూడ ఎన్నుకొని శాస్త్రజ్ఞులనుగా తీర్చుచున్నది. భూగర్భ పరిశోధనా శాఖలో భూగర్భశాస్త్రజ్ఞులను, భూభౌతికశాస్త్రజ్ఞులను, రసాయనికులను ఎన్నుకొనుటకు యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను ప్రత్యేకముగా పరీక్ష జరుపును. భారత అటవీ సర్వీసునకు వృక్ష, జంతు, రసాయన, భౌతిక, భూగర్భ శాస్త్రములలో గాని గణితమున గాని డిగ్రీ గలవాడు అర్హుడు. ఐ.ఎ.ఎస్. పేరు ఎరుగని పల్లె లేదు. అటవీ సర్వీసునకు తన డిగ్రీయే టిక్కెట్టని యెరిగిన బి.ఎస్సీ. విద్యార్థు లెందరు?

ఇక పరిశోధనాలయములందుమా, అవి మన వాకిటనే యున్నవి. హైదరాబాదులోని రసాయన పరిశోధనాలయమునకు 1944లో పునాది పడినది. భూభౌతిక పరిశోధనాలయము 1961లోను, కణజీవశాస్త్ర కేంద్రము 1977లోను అచ్చటనే వెలసినవి. తిరుపతి సమీపమున గాదంకిలో వాయుమండలమును పరిశోధించువారున్నారు. 2015లో తిరుపతియందే ఐసర్ అను శాస్త్రవిద్యాలయము ఆరంభమైనది. విశాఖపట్టణమున సముద్రశాస్త్రజ్ఞులున్నారు. ఇవి మన ఊళ్లకు దూరమైనవి కావు. మన విద్యార్థుల ఊహకు దూరమై యున్నవి.

ఈ దూరమును చెరపుటకు ఎంత కావలయునో చంద్రశేఖర వేంకటరామన్ గారి చరిత్రము తెలుపుచున్నది. బాల్యమున విశాఖపట్టణమున చదివి, మద్రాసులో ఎం.ఏ. ముగించి, 1907లో ఆయన కలకత్తాకు పోయినది శాస్త్రజ్ఞుడుగా కాదు, ఆర్థికశాఖలో ఉద్యోగిగా. ఆ కాలమున శాస్త్రము చదివిన భారతీయునికి అంతకు మించిన జీవనోపాయము దుర్లభము. ఒకనాడు ట్రాముబండిలో పోవుచు భారతీయ విజ్ఞానాభివృద్ధి సంఘమను పేరుగల పలకను చూచి దిగి, ఆ తలుపు తట్టెనని చెప్పుదురు. డాక్టరు మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో ప్రజల చందాలతో స్థాపించిన సంస్థ యది. పగలు కచేరీ, ఉదయసాయంకాలములందు ప్రయోగశాల. పదేండ్లు ఆయన ఇట్లే గడిపెను. 1917లో ఉద్యోగము విడిచి విశ్వవిద్యాలయ ఆచార్యు డయ్యెను. 1928లో ఆ సంఘపు గదులలోనే రామన్ ప్రభావము కనుగొనబడెను. 1930లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆయన ప్రతిభ మనము కల్పింపగలిగినది కాదు. కాని వీథివైపు పలక కట్టుట, వేళకాని వేళ వచ్చినవానికి తలుపు తెరచుట మనము చేయగలిగిన పనులే.

నేడు మన కళాశాలలలో అట్టి పలకయేది? ఫిబ్రవరి 28వ తేదీని జాతీయ విజ్ఞానదినోత్సవమని మామిడాకుల తోరణములు కట్టుచున్నారు. రామన్ గారి పటమునకు పూలమాల వేయుచున్నారు. “విద్యార్థులారా, శాస్త్రజ్ఞులు కండు” అని వక్తలు ఉద్బోధించుచున్నారు. కాని ఆనాటికి ‘జామ్’ పరీక్ష సాధారణముగా ముగిసియుండును. వేసవి శిక్షణమునకు దరఖాస్తు గడువు అంతకు ముందటి సంవత్సరాంతముననే దాటియుండును. ఎదుట కూర్చుండి చప్పట్లు కొట్టిన బాలునికి ఆ యేడు మిగిలినవి ఆ చప్పట్లే. ఆ ఉపన్యాసమునే దసరా సెలవులకు ముందు ఇచ్చి, దానితోపాటు ఒక దరఖాస్తు కాగితము చేతికిచ్చినచో ఎంత మేలు!

కళాశాల ఆవరణమునకే వచ్చి ఉద్యోగులను ఎన్నుకొను కంపెనీల పద్ధతియు నేడు ప్రబలియున్నది. దీనిని మేము గర్హింపము. ఇంట అప్పు పెరుగుచుండ పదేండ్లు పరిశోధన చేయుమని పేదవాని కొడుకునకు చెప్పుట సులభము. ఆ పదేండ్లు ఆ ఇంటిని నడపువారెవరు? జీతము గౌరవప్రదమైనదే. అయినను కంపెనీవారు వచ్చి ఎందరిని తీసికొనిరని లెక్క వ్రాసి గోడకు అంటించినంత మాత్రమున కళాశాల బాధ్యత తీరదు. ఏ పనికి తీసికొనిరి? చదివిన శాస్త్రము ఆ పనిలో వినియోగపడునా? పని నేర్పుదురా? ప్రయోగశాలయందు గాని కర్మాగారమందు గాని ప్రాణరక్షణకు ఏర్పాట్లేవి? రెండేండ్ల పిదప పైచదువునకు అనుమతి గలదా? ఈ ప్రశ్నలు అడుగుట ఇరువదేండ్ల బాలునికి సాధ్యము కాదు. అతని పక్షమున కళాశాల అడుగవలయును. అదియునుగాక, కంపెనీలు పెద్ద పట్టణముల కళాశాలలకే పోవుచున్నవి. చిన్న ఊళ్ల ప్రభుత్వకళాశాలల విద్యార్థులను ఒకచోట చేర్చి ఈ అవకాశమును కల్పించుట విశ్వవిద్యాలయముల విధి.

కర్మాగారములలో శాస్త్రవిద్యార్థికి చోటు లేదనువారు మన మందుల పరిశ్రమను చూడవలయును. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఎస్సీ. చదివిన కల్లం అంజిరెడ్డిగారు పూనా జాతీయ రసాయన పరిశోధనాలయమున డాక్టరేటు పొంది, హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో డాక్టరు రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ప్రభుత్వపు కర్మాగారమున పని నేర్చినవారి చేతులమీదుగా ఒక పరిశ్రమ మొలకెత్తి, నేడు జీడిమెట్ల మొదలు పరవాడవరకు వ్యాపించినది. అంతకు పూర్వము 1892లో వంగదేశమున ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయిగారు తమ ఇంటనే మందులు తయారుచేయ నారంభించి బెంగాల్ కెమికల్స్‌ను నిర్మించిరి. పాఠము చెప్పు ఆచార్యుడే పరిశ్రమకును ఆదిపురుషుడయ్యెను.

కాని పరిశ్రమవారు కోరునది సర్టిఫికెట్టు కాదు, పనిచేయు చేయి. ఇచ్చట మన కళాశాలలు తమ లోపమును ఒప్పుకొనక తప్పదు. ముందటి యేటివాని రికార్డు చూచి ఈ యేటివాడు వ్రాయును. వీనిది చూచి మరుసటి యేటివాడు వ్రాయును. ద్రావణమును చేతబట్టని వానికి పుస్తకమున ఫలితము సరిగానే వచ్చును! ఇట్టివాడు క్రొమటోగ్రఫీ యంత్రము ముందు నిలుచుండి ఏమి చేయగలడు? ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి డిగ్రీ పాఠ్యక్రమమున పది నెలల ఇంటర్న్‌షిప్పు చేర్చిరి. ఉద్దేశము మంచిది. కాని అదియు ఎవరో చేసిన సంతకముగా, ఎచ్చటనో అచ్చువేసిన కాగితముగా దిగజారినచో రికార్డుల కథయే మరల నడచును. విద్యార్థి ఎచ్చట పనిచేసెనో, ఏమి నేర్చెనో అధ్యాపకుడు స్వయముగా పోయి చూచి రావలయును.

కావున మా కోరికలు మూడు. మొదటిది: ప్రతి డిగ్రీకళాశాలయందును ఒక అధ్యాపకునికి బోధనభారమును కొంత తగ్గించి, సంవత్సరమునందలి పరీక్షలు, ఫెలోషిప్పులు, శిక్షణములు, వాని గడువులు తెలుగులో పట్టికగా వ్రాయించి, జూలై నెలలోనే ప్రతి విద్యార్థికిని అందింపవలయును. రెండవది: వేసవిలో ప్రయోగశాలలకు పోవు పేదవిద్యార్థికి రైలుఖర్చును, మొదటి నెల భోజనపుఖర్చును విశ్వవిద్యాలయము ముందుగా ఇయ్యవలయును. భత్యము పని ముగిసిన పిదప వచ్చిన నేమి లాభము? టిక్కెట్టు కొనలేనివాడు ఇంటనే నిలిచిపోవును. మూడవది: కళాశాల ప్రయోగశాలలు తరగతులు ముగిసిన తరువాత రెండు గంటలు తెరచియుండవలయును. మహేంద్రలాల్ సర్కారుగారి సంఘము చేసినది అంతకంటె ఎక్కువేమి కాదు.

ఈ కార్యమున పఠనమందిరములకును పాలుగలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసభ సమావేశమైన నాటినుండి మన గ్రంథాలయములు ప్రజలకు తెలివినిచ్చుటయే తమ వ్రతముగా చేసికొన్నవి. వార్తాపత్రికల బల్లప్రక్క ఒక పలక నిలిపి, ఆ మాసమున ముగియనున్న దరఖాస్తుల గడువులను సుద్దముక్కతో వ్రాయుటకు పెద్ద నిధులక్కరలేదు. చదువుకొన్న యువకుడొకడు వారమునకు ఒక గంట ఇచ్చిన చాలును.

విద్యార్థులకు మా మనవి యొక్కటి. మీ శాస్త్రమును మీరే తక్కువచేసి మాటాడకుడు. ఉద్యోగము కావలసినవారు ఉద్యోగమునకు పొండు. పరిశోధన రుచించినవారు పరిశోధనకు పొండు. రెండును గౌరవమైన మార్గములే. కాని తెలియక పోగొట్టుకొనుట మాత్రము వలదు. మీ అధ్యాపకుని అడుగుడు. ఆయన ఎరుగనిచో తెలిసికొని చెప్పుమని మరల అడుగుడు. మీకు తెలిసినదానిని మీ వెనుకటి తరగతివానికి చెప్పుడు.

వచ్చు జూలై నెలలో మన ఊరి కళాశాల గోడమీద ఆ పట్టిక వెలసినదో లేదో పాఠకులు స్వయముగా పోయి చూతురని నమ్ముచున్నాము. వెలయనిచో ప్రిన్సిపాలుగారిని మర్యాదగా అడుగుడు. మీ కుమారుని కొరకే కాదు, అడుగుటకు తండ్రిలేని బాలుని కొరకును అడుగుడు.