పాస్‌పోర్టు చివరి తేదీని నమ్ముకోవద్దు

మేము అరవ బడిలో చదివినవాళ్ళం, రాతలో తప్పులుంటే మన్నించండి.

పోయినసారి మన సంఘం తరఫున సింగపూరు వెళ్ళి అక్కడ ఓడ ఎక్కాలని బయలుదేరినప్పుడు, ఒక అన్నగారినీ వదినగారినీ మదరాసు విమానాశ్రయంలోనే ఆపేశారు. పాస్‌పోర్టులో ఇంకా నాలుగు నెలలుంది. "గడువు దాటలేదు కదా" అని ఆయన అడిగారు. దాటలేదు, నిజమే. కానీ సింగపూరులో దిగాలంటే కనీసం ఆరు నెలలు మిగిలుండాలి. ఓడ ఆగే పినాంగు మలేషియాలో ఉంది, అక్కడా అదే నియమం. కట్టిన డబ్బు పోయింది. వదినగారు పెట్టెతో ఇంటికి తిరిగి వచ్చారు.

రైల్వేలో టికెట్టు మీద తేదీ చూడడమే మా పని. అయినా మేమూ అడగలేదు. తప్పు ఆ అన్నగారొక్కరిదే కాదు, పాస్‌పోర్టు చూడకుండా డబ్బు కట్టించుకున్న మనందరిదీ.

గడువుకు ఏడాది ముందే కొత్తదానికి అర్జీ పెట్టుకోవచ్చు. మిగిలిన నెలలు కొత్తదానిలో కలపరు, అదే కొందరి బాధ. పదేళ్ళలో కొన్ని నెలలు పోతే పోనీయండి. మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. చిన్నపిల్లల పాస్‌పోర్టుకు ఐదేళ్ళే గడువు, మనవళ్ళది మరిచిపోవద్దు.

ఇకమీదట తిరిగొచ్చే తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టి, సరిపోతేనే సంఘం పేరు రాసుకోవాలని మా అభిప్రాయం. ఇందులో మొహమాటం వద్దు. ఈ రాత్రే బీరువా తీసి తేదీ చూడండి.