వాదసభకు వాయిదా

చర్చకు రమ్మని సవాలు చేయుట మన రాజకీయములలో నిత్యకృత్యమైనది. చర్చ జరుగుట మాత్రము అరుదు. ఒక నాయకుడు వేదికపై తొడగొట్టి పిలుచును. రెండవవాడు వేఱొక వేదికపైనుండి వేఱొక తావును, వేఱొక దినమును చెప్పును. ఉభయుల అనుచరులును తమ నాయకుడే గెలిచెనని చప్పట్లు కొట్టుదురు. నష్టపోవువాడు ఓటరొక్కడే. ఈ లోపమునకు నాయకుల పిఱికితనమే కారణమని పలువురు తలంచుచున్నారు. మేమట్లు తలంపము. దినమును నిర్ణయించు అధికారము ఎవరిచేతిలో నున్నదను నదియే అసలు ప్రశ్న.

న్యాయస్థానముల వాడుక నెఱిగినవారికిది సులభముగ బోధపడును. వాదియు ప్రతివాదియు తమకు వీలగు దినమును తామే చెప్పి, ఇరువురు నొప్పుకొన్ననాడే విచారణ జరుగవలెనను నియమముండిన యెడల ఏ వ్యాజ్యమును తెగదు. వాయిదాను న్యాయస్థానము వేయును, సమను పంపును, రానివానిని విడిచి విచారణ సాగించును. ప్రజాస్వామ్యమున ఓటరే న్యాయాధిపతి యని ప్రతి వేదికపైనను వినుచున్నాము. ఆ న్యాయాధిపతికి కక్షిదారులను పిలిపించు అధికారము లేకుండుట వింతగాదా?

2025 జూలైలో హైదరాబాదున జరిగినదానిని పాఠకులు మఱచియుండరు. రైతుల విషయమై తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ప్రతిపక్షమును చర్చకు పిలిచిరి. భారత రాష్ట్ర సమితి పక్షమున కె. తారక రామారావుగారు జూలై 8వ తేదీని తామే నిర్ణయించి, సోమాజిగూడ ప్రెస్ క్లబ్బునకు వచ్చిరి. ముఖ్యమంత్రిగారు రాలేదు. చర్చకు తగిన తావు శాసనసభయేయని అధికారపక్షము వాదించెను. ఆ వాదమునందు సారము లేకపోలేదు. కాని శాసనసభలో ప్రశ్నించువాడు సభ్యుడు, ఓటరు కాడు. ఇక ప్రెస్ క్లబ్బున తేదీ నేర్పరచినవాడు వ్యాజ్యమున నొక కక్షిదారు. ఒక కక్షిదారు వేసిన వాయిదాకు రెండవవాడు రాకుండుట ఆశ్చర్యము కాదు.

తటస్థులు పూనుకొన్నను పని సమకూడని సందర్భము మఱియొకటి కలదు. 2024 మే 9వ తేదీన విశ్రాంత న్యాయమూర్తులు మదన్ బి. లోకూర్, ఏ.పి. షా గారలును, పత్రికా సంపాదకులుగా నుండిన ఎన్. రామ్ గారును, ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారిని, రాహుల్ గాంధీగారిని బహిరంగచర్చకు ఆహ్వానించుచు లేఖ వ్రాసిరి. రాహుల్ గాంధీగారు మే 11వ తేదీన తమ అంగీకారమును ప్రకటించిరి. ప్రధానమంత్రిగారితో చర్చ జరుగనే లేదు. పిలిచినవారి నిష్పక్షపాతమును మేము శంకింపము. కాని దినములను లెక్కింపుడు. ఓట్లు పడుట ఏప్రిల్ 19వ తేదీననే మొదలయ్యెను. మన ఆంధ్రదేశమున పోలింగు మే 13; పోలింగు ముగియుటకు 48 గంటల ముందే ప్రచారము ఆగవలెనని చట్టము. కావున అంగీకారము వెలువడిన సాయంకాలమునకే మన యూళ్లలో మైకులు మూగవోయినవి. పిలుపు మంచిది, సమయము మించినది.

మన రాష్ట్రపతి పదవికిట్టి వాదసభల ప్రసక్తి లేదు. 1969లో మన పొరుగున బరంపురమున జన్మించిన వి.వి. గిరిగారును, నీలం సంజీవరెడ్డిగారును పోటీపడినప్పుడు ఓటు వేసినవారు పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును. అధ్యక్షపదవికి ప్రజల యెదుట వాదించు ఆచారము అమెరికాది. అక్కడనైన నిది చట్టముచే నేర్పడినది కాదు. 1960 సెప్టెంబరు 26వ తేదీన చికాగోలో కెనెడీ, నిక్సన్‌లు తొలిసారి టెలివిజనుపై ఎదుటపడిరి. ఆ యేట నాలుగు సభలు జరిగినవి. పిమ్మట 1964, 1968, 1972 ఎన్నికలలో ఒక్కటియు లేదు. 1976లో మహిళా ఓటర్ల లీగు పూనికచే మఱల మొదలైనవి. 1980లో మూడవ అభ్యర్థియైన ఆండర్సనును గూడ పిలిచినందుకు అధ్యక్షుడు కార్టరు బాల్టిమోరు సభకు రాలేదు. అయినను సభ యాగలేదు, రీగన్, ఆండర్సన్‌లు వాదించిరి. 1988లో ఇరుపక్షముల ప్రచారకులు తమలో తామొప్పందము చేసికొని షరతులు విధింపగా, లీగు ఆ మోసమునకు తోడుపడనని తొలగిపోయెను.

అటుపిమ్మట ఇరుపక్షముల పెద్దలు 1987లో స్థాపించిన సంఘమొకటి 2020 వఱకు సభలను నడపెను. 2024కుగాను సెప్టెంబరు 16, అక్టోబరు 1, అక్టోబరు 9 తేదీలను ఆ సంఘము ముందు సంవత్సరముననే ప్రకటించెను. కాని 2024 మేలో బైడెన్, ట్రంప్‌లు ఆ తేదీలను త్రోసిపుచ్చి, టెలివిజను సంస్థలతో తామే కుదుర్చుకొనిరి. జూన్ 27న అట్లాంటాలో వారిరువురును, బైడెన్ తప్పుకొన్న పిమ్మట సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో హారిస్, ట్రంప్‌లును వాదించిరి. మఱియొక సభకు హారిస్ ఒప్పుకొన్నను ట్రంప్ ఒప్పుకొనలేదు. మూడు దశాబ్దములకు పైబడిన ఆచారము ఇరువురు అభ్యర్థుల యిష్టముచే ఒక్క వేసవిలో మూలబడెను. దీనివలన మనము గ్రహింపదగినది రెండు ముక్కలు: తేదీ అభ్యర్థుల చేతిలో నుండరాదు, ఒకడు రాకున్నను సభ యాగరాదు.

ఇదియంతయు దూరదేశపు వినోదమని ఉద్దానమువారు తలంపరాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లలో దీపములార్పినదో మన కెఱుకయే. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, హిరమండలమునుండి సుమారు 700 కోట్ల వ్యయముతో త్రాగునీటి పథకమును 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభింపబడినవి. అయిదు నెలలకు ఎన్నికలు వచ్చినవి. ఆ నీరు ఏ యూరి కుళాయి వఱకు వచ్చుచున్నది, ఆసుపత్రిలో వైద్యులెందఱు, మిగిలిన పని యెవరు, యెప్పటికి ముగింతురు అను ప్రశ్నలకు ఇరుపక్షముల అభ్యర్థులు ఒకే వేదికపై, ఒకరి మాట నొకరు వినుచు బదులు చెప్పవలసి యుండెను. వేర్వేఱు సభలలో వేర్వేఱు లెక్కలు చెప్పిన, రోగి ఏది నమ్మవలెను?

2018 అక్టోబరు 11వ తేదీ తిత్లీ తుపానును తలచుకొనుడు. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన దేశవాళీ మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. శాసనసభ ఆయువు అయిదేండ్లు. ఒక ప్రభుత్వము చేసిన వాగ్దానమును రెండవ ప్రభుత్వము నెఱవేర్పవలసిన చోట, అభ్యర్థులిరువురిచేతను ప్రజల యెదుట పలికించుకొనుట మన ప్రాణావసరము.

మాటకారి గెలుచును, పనివాడు ఓడునని కొందఱందురు. గోతముని న్యాయశాస్త్రము ఈ భేదమును ఏనాడో చెప్పినది: సత్యమును తెలియుటకు చేయునది వాదము, గెలుపే కోరునది జల్పము, స్వపక్షము నిలుపక పరపక్షమును ఖండించుటయే పనిగా గలది వితండ. నేటి బహిరంగసభలలో వినబడునది తక్కిన రెండును. వాదసభను కోరుట మొదటిదానికొఱకే. కొట్లాటలు రేగునని మఱికొందఱి భయము. ఊరేగింపులు, జెండాలు లేక, పరిమితముగ పిలిచిన శ్రోతలతో జరుగు సభకంటె వీధిప్రచారమే అపాయకరము. నిజమైన అడ్డంకి వేఱు. గెలుపు తథ్యమనుకొన్నవానికి చర్చవలన లాభము కానరాదు. నష్టము మాత్రము కానవచ్చును. కావుననే అతని దయాదాక్షిణ్యములపై దీనిని వదలరాదు.

మా సూచన యిది. నామినేషన్ల ఉపసంహరణకు కడపటి దినము ఎన్నికల ప్రకటనతోడనే తెలియును. ఆ దినమునకును పోలింగునకును కనీసము 14 దినముల యెడముండవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము చెప్పుచున్నది. కావున ఉపసంహరణ పిమ్మట వచ్చు తొలి ఆదివారమును వాదదినముగ ఎన్నికలకు ముందే, ఎవరు పోటీచేయుదురో తెలియకముందే నిర్ణయింపవలెను. ప్రచారము ఆగులోపల ఆ ఆదివారము తప్పక వచ్చును. 2024లో ఈ లెక్క ననుసరించిన యెడల ఏప్రిల్ 29కి పిమ్మటి ఆదివారము, అనగా మే 5వ తేదీ యయ్యెడిది. పూనుకొనవలసినవారు పఠనమందిరముల వారు, న్యాయవాదులు, వైద్యులు, కొబ్బరి జీడిరైతులు, మత్స్యకారులు. ఖర్చు అభ్యర్థులది కారాదు. రిటర్నింగు అధికారి అనుమతి గైకొని, బ్యాలెట్టుపై పేరున్నవారినందఱిని పిలువవలెను. ప్రశ్నలు ప్రజలవి, సమయము అందఱికిని సమానము. రానివాని కుర్చీ ఖాళీగ నుంచి, అతనికుద్దేశించిన ప్రశ్నలను చదివి, సభను సాగింపవలెను.

రమ్మని బలవంతపెట్టుటకు మనకు చట్టము లేదు, అక్కఱయు లేదు. చెప్పిన దినమున, చెప్పిన వేళకు తలుపులు తెఱచి, దీపము వెలిగించి కూర్చుండు ఓటర్లు ఒక్క నియోజకవర్గమున నున్నచో చాలును. అది మన ఇచ్ఛాపురమే యేల కారాదు? ఒక పర్యాయము రానివాడు రెండవ పర్యాయము ఆలోచించును. ఉద్దానపు ఓటరు ఇక సవాళ్లను విని చప్పట్లు కొట్టుట మాని, వాయిదాను తానే వేయుగాక!